లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న పాత రేవుల ప్రాంతం డాక్‌లాండ్స్ బాగుపడ్డాక పాత రేవు కార్మికులకు అక్కడ ఇల్లు ఎందుకు అందలేదు?

కొత్త ఇళ్లలో ఎక్కువ భాగం అద్దెకు కాక అమ్మకానికి కట్టారు, వచ్చిన ఉద్యోగాలేమో చాలావరకు బ్యాంకులు, ఆఫీసులవి, అందుకే. 1981లో ప్రభుత్వం పెట్టిన అభివృద్ధి సంస్థ స్థానిక కౌన్సిళ్ల నుంచి ప్లానింగ్ అధికారాలు తీసేసుకుని, భూములను ప్రైవేటు బిల్డర్లకు అమ్మింది. డాక్‌లాండ్స్‌లోని ఐల్ ఆఫ్ డాగ్స్ అనే చోట వ్యాపారాలకు పదేళ్లు పన్ను మినహాయింపు కూడా ఇచ్చారు. అక్కడి వెస్ట్ ఇండియా డాక్స్‌నే చూడండి: 1802 నుంచి చక్కెర, రమ్ము దిగిన ఆ రేవు 1980లో మూతపడింది; 1991కల్లా అదే చోట 235 మీటర్ల కెనరీ వార్ఫ్ టవర్ లేచింది. బస్తాలు మోసినవాడికి ఆ ఆఫీసుల్లో పనేముంటుంది?

సరుకు రాక రేవు మూతపడిందని చాలామంది అనుకుంటారు. కాదు, కంటైనర్ ఓడలకు లోతైన నీళ్లు, విశాలమైన యార్డు కావాలి, ఆ పాత రేవులో అవి లేవు. వ్యాపారం థేమ్స్ దిగువన టిల్‌బరీకి తరలిపోయింది.