వేడి తగలకుండానే పాలలో ప్రోటీన్లు మారుతాయా?

ప్రశ్న: పాలను కాచకుండా, విపరీతమైన ఒత్తిడికి గురిచేసి సూక్ష్మజీవులను చంపుతారని, అలాంటి పాలు ఆస్ట్రేలియాలో అమ్మకానికి వచ్చాయని అక్కడ ఉంటున్న మా అబ్బాయి చెప్పాడు. వేడి లేకుండా ఒత్తిడి ఒక్కటే పాలలోని ప్రోటీన్లను మార్చగలదా? మన కుక్కరులో జరిగేదీ అదేనా? మారితే పోషకాలు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా కుక్కరు సంగతి చూద్దాం. అందులోని ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు రెట్టింపు మాత్రమే. దానివల్ల నీరు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పప్పును మెత్తబరిచేది ఆ అదనపు వేడే. మీ అబ్బాయి చెప్పిన పద్ధతిలో ఒత్తిడి సుమారు 600 మెగాపాస్కల్, అంటే గాలి ఒత్తిడికి దాదాపు ఆరు వేల రెట్లు ఉంటుంది. సముద్రాలన్నిటిలోకీ లోతైన మరియానా అగాధం అడుగున ఉండేది 110 మెగాపాస్కల్ ప్రాంతమే. పాల సీసాలను నీటితో నిండిన దళసరి ఉక్కు గదిలో ఉంచి కొద్ది నిమిషాలు ఇలా అదుముతారు. అన్ని వైపుల నుంచీ ఒత్తిడి సమానంగా పడుతుంది కాబట్టి సీసా నలిగిపోదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బెర్ట్ హైట్ అనే రసాయన శాస్త్రవేత్త పాలను ఇలా నిల్వ చేయవచ్చని 1899లోనే చూపించాడు. తరువాత 1914లో పెర్సీ బ్రిడ్జ్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త గాలి ఒత్తిడికి సుమారు ఏడు వేల రెట్ల ఒత్తిడిలో, మామూలు గది వేడిమి దగ్గరే, కోడిగుడ్డు తెల్లసొన గడ్డకట్టడం గమనించాడు. అధిక పీడనాలపై చేసిన కృషికి ఆయనకు 1946లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. మంట లేకుండానే గుడ్డు గట్టిపడిందంటే, మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది.

పాలు విరిగినప్పుడు గడ్డగా విడిపోయే భాగంలో ప్రధానమైనది కేసీన్. తేటలో మిగిలేవి వే ప్రోటీన్లు. ఆవు పాలలోని ప్రోటీన్లలో ఇవి సుమారు ఐదో వంతు. జున్నుపాలలో ఇవి చాలా ఎక్కువగా ఉంటాయి. ఆవిరి మీద ఉడికిస్తే జున్ను గుడ్డులా గట్టిపడడానికి కారణం అదే. ప్రతి ప్రోటీనూ అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. నీటితో పొసగని భాగాలను లోపల దాచుకుని, ఆ గొలుసు ఒక నిర్దిష్టమైన ఆకారంలో ముడుచుకుని ఉంటుంది. ఎంత బిగువుగా ముడుచుకున్నా లోపల అక్కడక్కడ చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి. అసలు కీలకం ఈ ఖాళీలలోనే ఉంది.

ఒత్తిడి పెరిగినప్పుడు మొత్తం ఘనపరిమాణం తగ్గే దిశగానే మార్పులు సాగుతాయి. నీటి అణువులు ఆ ఖాళీలలోకి చొరబడతాయి. ధన, రుణ విద్యుదావేశాలున్న భాగాల మధ్య పట్టు సడలి, వాటి చుట్టూ నీరు మరింత దగ్గరగా చేరుతుంది. ముడుచుకున్న గొలుసు విప్పారుతుంది. ఇంతా చేసి ప్రోటీను పరిమాణంలో తగ్గుదల నూటికి ఒక వంతు కూడా ఉండదు. అమైనో ఆమ్లాలను ఒకదానితో ఒకటి కలిపే బలమైన రసాయన బంధాలను ఈ ఒత్తిడి తెంచలేదు. అందువల్ల ఆకారం మారుతుంది గాని గొలుసు తెగదు.

అన్ని వే ప్రోటీన్లూ ఒకే విధంగా లొంగవు, నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది ఇదే. వీటిలో సగం వరకు ఉండే బీటా-లాక్టోగ్లోబ్యులిన్‌లో 162 అమైనో ఆమ్లాలు ఉంటాయి. మధ్యలో గిన్నెలాంటి గుంట ఉంటుంది. గంధకం ఉన్న ఒక చురుకైన భాగం జత లేకుండా లోపల దాగి ఉంటుంది. సుమారు 100 మెగాపాస్కల్ దాటితే ఈ ప్రోటీను సడలడం మొదలవుతుంది. దాగి ఉన్న ఆ గంధక భాగం బయటపడి పక్క ప్రోటీన్లలోని గంధక బంధాలతో (రెండు గంధక పరమాణువుల జతలతో) కొత్త జతలు కట్టడంతో, ఒత్తిడి తీసేసినా వాటిలో చాలావరకు పూర్వరూపానికి రాలేవు. మరో వే ప్రోటీను ఆల్ఫా-లాక్టాల్బుమిన్ గొలుసు చిన్నది, 123 అమైనో ఆమ్లాలే. కాని నాలుగు గంధక బంధాలు, ఒక కాల్షియం అయాను (విద్యుదావేశం ఉన్న పరమాణువు) దానిని బిగించి ఉంచుతాయి, జత లేని గంధకం అందులో లేదు. అందుకే 400 మెగాపాస్కల్ వరకు అది పెద్దగా చెక్కుచెదరదు. విశేషమేమిటంటే, వేడి చేసినప్పుడు ముందుగా విప్పారేది ఈ ఆల్ఫాయే. అంటే వేడిని తట్టుకోవడం వేరు, ఒత్తిడిని తట్టుకోవడం వేరు.

విప్పారిన బీటా-లాక్టోగ్లోబ్యులిన్ కొంత కేసీన్ రేణువులకు అతుక్కుంటుంది. బాగా కాచిన పాలతో తోడుపెట్టిన పెరుగు గట్టిగా, నీరు విడవకుండా ఉండడానికి ఈ అతుకే ఒక ముఖ్య కారణం. ఒత్తిడికి గురైన పాలతోనూ అలాంటి పెరుగు తోడుకుంటుంది.

ఇక పోషకాల విషయం. అమైనో ఆమ్లాలు అన్నీ అలాగే ఉంటాయి కాబట్టి ప్రోటీను విలువ తగ్గదు. పైగా, సహజ రూపంలో జీర్ణరసానికి సులభంగా లొంగని బీటా-లాక్టోగ్లోబ్యులిన్, విప్పారిన తరువాత త్వరగా అరుగుతుంది. అయితే కొన్ని బాక్టీరియాల స్పోర్లు, అంటే గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు, ఈ ఒత్తిడికీ చావవు. కనుక 2016లో న్యూసౌత్‌వేల్స్‌లో అనుమతి పొందిన ఇలాంటి పాలను కూడా ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

ప్రశ్న: మా మనవడికి ఆవు పాలు పడవు, తాగితే ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. తల్లిపాలలో బీటా-లాక్టోగ్లోబ్యులిన్ ఉండదని చదివాను. ఒత్తిడితో దాని ఆకారం మారితే ఆ పాలు వాడికి పట్టవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: మీరు చదివింది నిజమే. కాని దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. అలర్జీ ప్రోటీను ఆకారం వల్లనే కాదు, గొలుసులోని చిన్న తునకల వల్ల కూడా రావచ్చు. ఒత్తిడికి ఆ గొలుసు తెగదని పైన చెప్పాను. పైగా ఆకారం విప్పారడం వల్ల లోపల దాగిన భాగాలు కొత్తగా బయటపడతాయి. కేసీన్‌కు కూడా అలర్జీ ఉండే పిల్లలు ఎందరో ఉన్నారు. ఇలాంటి పిల్లల కోసం ప్రోటీన్లను ఎంజైములతో చిన్న ముక్కలుగా తెంచి తయారుచేసిన పాలపొడులు వేరుగా ఉన్నాయి. వాటినైనా పిల్లల వైద్యుల సలహాతోనే మొదలుపెట్టండి.