అందర్నీ ఒకే మంచం చుట్టూ నిలబెట్టు

సీతమ్మధార,
విశాఖపట్నం

అమ్మాయీ,

పేషెంట్లు పడిపోకుండా చూసుకోవడం మీద స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చే పని నీకు అప్పజెప్పారని ఫోన్లో చెప్పావు. సెమినార్ హాలు బుక్ చేశానన్నావు చూడు, ముందు అది రద్దు చేసెయ్. నర్సులకి ఒకరోజు, ఆయాలకి ఇంకోరోజు అనే ఏర్పాటూ వద్దు.

ఎందుకో చెప్తాను. నేను ఇన్‌చార్జిగా ఉన్న వార్డులో ఒక పెద్దాయన తెల్లవారుజామున బాత్రూమ్ దగ్గర పడ్డాడు, తుంటి ఎముక విరిగింది. తర్వాత ఒక్కొక్కర్నీ అడిగాను. రాత్రి లాసిక్స్, అదే మూత్రం ఎక్కువ పోయించే మందు, ఇచ్చిన సంగతి సిస్టర్‌కి తెలుసు. లేస్తే కాళ్ళు వణుకుతున్నాయని ఫిజియోకి ముందురోజే తెలుసు. నేల తడిగా ఉందని స్వీపర్‌కి తెలుసు. బెల్ నొక్కడానికి ఆయన మొహమాటపడతాడని ఆయాకి తెలుసు. అన్నీ తెలిసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. రిపోర్టులో తప్పు ఆయా మీదకి పోయింది. దాని కింద సంతకం నాదే. ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే అందర్నీ కలిపి, వార్డులోనే, ఖాళీ మంచం చుట్టూ నిలబెట్టు. మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు 20 నిమిషాలు చాలు. నైట్ వాళ్ళని పగలు రమ్మనకు, నువ్వే రాత్రి వెళ్ళు. పెద్ద డాక్టర్లు రారు, నాకు తెలుసు. ఒక్క హౌస్ సర్జన్‌నైనా పట్టుకురా.

ఉపన్యాసం వద్దు. ఒకర్ని పేషెంట్‌ని చెయ్యి. చేతికి సెలైన్ గొట్టం, పక్కన మూత్రం సంచి తగిలించి, కళ్ళజోడు తీయించి, లైటు ఆర్పి బాత్రూమ్‌కి వెళ్ళమను. ఎక్కడ తట్టుకుంటున్నారో చూసేవాళ్ళే చెప్తారు. ముందు స్వీపర్‌ని మాట్లాడనివ్వు. సిస్టర్లు మొదలెడితే ఆవిడ ఇక నోరు విప్పదు.

పాడేరు వైపు నుంచో, శ్రీకాకుళం పల్లెల నుంచో వచ్చే ముసలివాళ్ళకి నేల మీదో నులక మంచం మీదో పడుకోవడం అలవాటు. నిద్రమత్తులో కాలు దించితే నేల అందదు. మంచం పూర్తిగా కిందికి దించారా, బ్రేకు వేశారా అని రాత్రి పడుకునే ముందు చూడాలి. రెయిలింగ్ ఎత్తేశాం కదా అని ధీమాగా ఉండకూడదు. తికమకలో ఉన్నవాళ్ళు దాని మీదుగా ఎక్కి ఇంకా ఎత్తు నుంచి పడతారు.

పేషెంట్ పడే ప్రమాదం ఎంతుందో పాయింట్లేసి చెప్పే మోర్స్ స్కేల్ నర్సులకి తెలిసిందే, మిగతావాళ్ళకీ చెప్పు. అంతకుముందు పడి ఉంటే 25 పాయింట్లు, సెలైన్ ఉంటే 20. ఆ రెండింటితోనే 45 అయిపోయింది, చాలా ఆసుపత్రుల్లో అది ప్రమాదం ఎక్కువున్న కేసే. "పోయిన నెల ఇంట్లో పడ్డాడమ్మా" అనే మాట అటెండెంట్లు ఆయాతోనే అంటారు. అది కేస్ షీట్‌లోకి ఎక్కాలి.

కళ్ళు తిరుగుతున్నాయంటే బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి 3 నిమిషాల్లోపు ఇంకోసారి చూడమను. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే డాక్టర్‌కి చెప్పాలి, ఒంటరిగా లేవనివ్వకూడదు.

ఎవరైనా పడితే గబగబా చంకల్లో చేతులేసి లేపెయ్యకూడదు. తల, మెడ, తుంటి చూశాకే కదపాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళైతే దెబ్బ కనపడకపోయినా డాక్టర్ రావాల్సిందే. ఆ షిఫ్టు అయ్యేలోపే అందర్నీ పిలిచి "ఏం జరిగింది?" అని అడుగు. "ఎవరు చేశారు?" అని మొదలెట్టావో, ఇంకెవరు పడినా ఆ సంగతి నీదాకా రాదు.

మొదటిరోజు కబురు పెట్టు, ఆటో ఎక్కి వచ్చేస్తా. పేషెంట్ వేషం నాకే ఇవ్వు. మోకాళ్ళ నొప్పులు ఎలాగూ ఉన్నాయి, నటించక్కర్లేదు.

ఇట్లు,
మీ మేట్రనమ్మ