చీటీలతో పరిచయాలు

ప్రశ్న: మా అమ్మాయి పోలండ్‌లో రాండమ్ గ్రాఫ్‌ల సదస్సుకి వెళ్తానంటోంది. అక్కడ ఏం చర్చిస్తారండీ?

జవాబు: తప్పకుండా పంపండి. పోజ్నాన్‌లో 1983లో మొదలైన ఈ సదస్సులకి ఆ రంగంలో మంచి పేరుంది. రాండమ్ గ్రాఫ్ అంటే ఎవరిని ఎవరితో కలపాలో చీటీలేసి తేల్చినట్టు అల్లుకునే సంబంధాల వల, అక్కడ అలాంటి వలల గురించే చర్చిస్తారు. ఉదాహరణకి, ఒకరికొకరు తెలియని 1000 మంది పెళ్లికొచ్చారనుకోండి, చీటీలు తీసి ఎవరి పేర్లు వస్తే ఆ ఇద్దరిని పరిచయం చేస్తూ పోతే 400 పరిచయాలదాకా చిన్న చిన్న గుంపులే ఉంటాయి, 500 దాటాక మాత్రం ఒక గుంపు మిగతావాటిని కలిపేసుకుంటూ 600కల్లా దాదాపు 300 మందికి, 750కల్లా సగానికి పైగా జనానికి పెరుగుతుంది. హంగరీ గణితవేత్తలు ఎర్దోష్, రేనీ 1960లో చూపించిన ఈ మలుపు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఒక్కో రోగి నుంచి సగటున ఒకరికి మించి అంటుకుంటే జబ్బు ఊరంతా పాకే ప్రమాదం ఉందనడంలోనూ ఇదే లెక్క.