వెనక చక్రం తిరిగే ట్రైక్: ప్రాజెక్టు మార్చాలా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ చివరి ఏడాది. ముందు రెండు చక్రాలు పక్కకు మళ్లకుండా ఉండి, మలుపు కోసం వెనకున్న ఒక్క చక్రమే పక్కకు తిరిగే రికంబెంట్ ట్రైక్ (వెనక్కి ఆనుకుని కూర్చుని తొక్కే మూడు చక్రాల బండి) చేశాం. గంటకు 15 కిలోమీటర్లు దాటితే పాములా మెలికలు తిరుగుతోంది. ప్రాజెక్టు మార్చుకోవాలా? వెహికల్ డైనమిక్స్ (బండి కదలికల విశ్లేషణ) ఉద్యోగానికి ఇది పనికొస్తుందా?

జవాబు: మార్చకండి. అది ఎందుకు మెలికలు తిరుగుతోందో లెక్కగట్టి చెప్పగలిగితే ఇంటర్వ్యూలో దానికే ఎక్కువ విలువ.

ముందుగా ట్రెయిల్ కొలవండి. అంటే స్టీరింగ్ అక్షం (చక్రం ఏ గీత చుట్టూ పక్కలకు మళ్లుతుందో అది) నేలను చేరే చోటుకు, టైరు నేలను తాకే చోటుకు మధ్య దూరం. ముందు చక్రం అలవాటుతో, టైరు నేలను తాకే చోటు స్టీరింగ్ అక్షానికి వెనక పడేలా అమర్చి ఉంటారు. వెనక చక్రానికి అదే చేటు. బండి ఎడమకు మళ్లాలంటే వెనక చక్రం కుడికి తిరగాలి. వేగంలో నేల ఆ టైరును ఎడమకు నెడుతుంది. ఆ బలం అక్షానికి వెనక పడితే చక్రం ఇంకా కుడికే తిరిగి, మలుపు తనంతట తానే బిగుస్తుంది. తాకే చోటును అక్షానికి ముందుకు తెస్తే వేగంలో చక్రం తిన్నబడుతుంది. కానీ నెమ్మదిగా వెళ్లేటప్పుడు ట్రాలీ చక్రంలా గిర్రున వెనక్కి తిరగబోతుంది. అందుకే దాంతోపాటు మధ్యకు లాగే స్ప్రింగు, ఊగడాన్ని అణిచే స్టీరింగ్ డ్యాంపర్ కూడా పెట్టాలి.

తర్వాత సున్నితత్వం, అంటే చక్రం కొద్దిగా తిరిగితే బండి ఎంత మళ్లుతుందన్నది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 1 మీటరు అనుకోండి. టైరు స్లిప్‌ను (టైరు పక్కకు జారడాన్ని) పక్కనపెడితే, 0.3 జి మలుపుకు (పక్కకు త్వరణం గురుత్వ త్వరణంలో 0.3 వంతు ఉండే మలుపుకు) 20 కి.మీ. వేగంలో చక్రం సుమారు 5.4 డిగ్రీలు తిరగాలి. 40 కి.మీ.లో 1.4 డిగ్రీలే చాలు. రాడ్ ఎండ్లలో (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లలో) ఒక్క డిగ్రీ వదులు ఉన్నా బండి చేతిలో ఉండదు. ముందు చక్రాల మధ్య దూరం 80 సెం.మీ., గరిమనాభి ఎత్తు 40 సెం.మీ., బరువులో 65 శాతం ముందు చక్రాల మీద ఉంటే 0.65 జి దగ్గర లోపలి చక్రం లేస్తుంది. 40 కి.మీ.లో దానికి 3 డిగ్రీలు సరిపోతాయి. హ్యాండిల్ ఎక్కువ తిప్పినా చక్రం తక్కువే తిరిగేలా నిష్పత్తి పెట్టాల్సింది ఇందుకే.

వెనక స్టీరింగ్ వేగానికి పనికిరాదని ఎవరైనా కొట్టిపారేస్తే నమ్మకండి. 1997లో ధ్వని వేగాన్ని దాటిన థ్రస్ట్ ఎస్‌ఎస్‌సి కారుదీ వెనక స్టీరింగే. ఫోర్క్‌లిఫ్టులు, కంబైన్ హార్వెస్టర్లు కూడా అలాగే తిరుగుతాయి కాబట్టి ఆ తయారీ రంగాలనూ వెతకండి.

ఈ సెమిస్టర్‌లో బైసికిల్ మోడల్‌ను (ఎడమ, కుడి చక్రాలను ఒక్కటిగా లెక్కించే సరళ గణిత నమూనాను) పైథాన్‌లో రాయండి. హ్యాండిల్ దగ్గర యాంగిల్ సెన్సర్, ఫ్రేముకు గైరో (బండి ఎంత వేగంగా మళ్లుతోందో కొలిచే సెన్సర్) బిగించి, ఖాళీ మైదానంలో హెల్మెట్‌తో 5 కి.మీ. నుంచి మొదలుపెట్టి రెండేసి కి.మీ. చొప్పున వేగం పెంచుతూ కొలవండి. చిన్న కుదుపు ఇచ్చాక ఊగడం తగ్గకపోతే అక్కడే ఆపండి. మోడల్ గీత, కొలిచిన గీత ఒకే గ్రాఫ్‌లో వేసి రెజ్యూమెకి జతచేయండి. అవి ఎక్కడ విడిపోయాయో, ఎందుకో కింద రెండు వాక్యాల్లో రాయండి.