రన్ నొక్కే ముందు

అమ్మలూ,

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చిందని నువ్వు ఫోన్ చేసిన రోజు నుంచీ ఈ ఉత్తరం రాద్దామనే అనుకుంటున్నాను. "అత్తా, ముందు ఏ లాంగ్వేజ్ నేర్చుకోమంటావు?" అని అడిగావు. పైథానో, జావానో, మీ యూనివర్సిటీలో ఏది చెబితే అదే నేర్చుకో. రెండేళ్ళు దాన్నే వదలకుండా పట్టుకో. ఒకటి గట్టిగా వచ్చాక రెండోది కొన్ని వారాల పని. నీకు నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది.

ప్రోగ్రాం రాయడం అయ్యాక, రన్ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగు. ఏం వస్తుందనుకుంటున్నావో నోట్‌బుక్‌లో రాసుకో. అప్పుడు నొక్కు. రాసిందీ వచ్చిందీ ఒకటే అయితే ముందుకు పో. తేడా వస్తే మాత్రం అక్కణ్ణుంచి కదలకు, ఎందుకో తేలేదాకా.

ఇవాళే ఒకటి చేసి చూడు. పైథాన్‌లో 0.1 + 0.2 ఎంతో అడుగు. నువ్వు 0.3 అని రాస్తావు. తెర మీద 0.30000000000000004 వస్తుంది. మూడింట ఒక వంతును దశాంశాల్లో రాయబోతే 0.333 అంటూ ఎక్కడా ఆగదు కదా, బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే రాసే పద్ధతిలో, 0.1కి కూడా అదే గతి. కంప్యూటర్ దాన్ని 53 బిట్లకు, అంటే 53 బైనరీ అంకెలకు, కుదించి దాచుకుంటుంది. 1985లో వచ్చిన ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణం ప్రకారం దాదాపు అన్ని యంత్రాలూ ఇలాగే లెక్కిస్తాయి. ఇలా కుదించి దాచే సంఖ్యల్నే ఫ్లోట్ అంటారు, ఇది తెలిసినవాళ్ళు బ్యాంకు లెక్కల్ని ఫ్లోట్‌లో పెట్టరు. చూశావా, ఒక్క వరుస కోడ్ నిన్ను ఎంత దూరం తీసుకెళ్ళిందో!

మొదటి రెండేళ్ళూ నేను ఇలా చేయలేదు. తప్పు వస్తే ఒకచోట ఒకటి కలిపి, ఇంకోచోట ఒకటి తీసి, సరైన జవాబు వచ్చేదాకా మారుస్తూ పోయేదాన్ని. ఒక ల్యాబ్ పరీక్షలో బైనరీ సెర్చ్ (క్రమంలో పేర్చిన జాబితాను మధ్య స్థానం, అంటే 'మిడ్' దగ్గర సగం చేస్తూ వెతికే పద్ధతి) రాశాను, చక్కగా పనిచేసింది. వైవాలో ఎగ్జామినర్ "ఇక్కడ మిడ్‌కి ఒకటి ఎందుకు కలిపావమ్మా?" అని అడిగారు. నోరు పెగల్లేదు. మార్కులు వచ్చాయి గానీ, ఇంటికి వెళ్ళేదాకా ఆ ప్రశ్నే చెవుల్లో తిరిగింది. కలపకపోతే రెండే సంఖ్యలు మిగిలినప్పుడు లూప్ అక్కడే తిరుగుతూ ఉండిపోతుందని, ఆ రాత్రి కాగితం మీద గళ్ళు గీసి, వేలు పెట్టి జరుపుకుంటూ పోతే తెలిసింది.

ఆ చిన్న ఫంక్షన్‌ని తేలిగ్గా తీసుకోకు. జావా లైబ్రరీలో ఉన్న బైనరీ సెర్చ్‌లోనే సుమారు తొమ్మిదేళ్ళు ఒక బగ్ (తప్పు) దాక్కుని ఉంది. దాన్ని రాసిన జాషువా బ్లాకే 2006లో ఆ సంగతి అందరికీ చెప్పారు. మధ్య స్థానం కోసం, వెతికే భాగం మొదలు 'లో', చివర 'హై' రెండూ కలిపి రెండుతో భాగించారు. జాబితా నూరు కోట్లు దాటేంత పెద్దదైతే ఆ మొత్తం జావా పూర్ణ సంఖ్య పట్టే హద్దు 2,147,483,647ని మించి రుణ సంఖ్యగా మారిపోతుంది. 'హై' నుంచి 'లో'ని తీసేసి, మిగిలినదాంట్లో సగాన్ని 'లో'కు కలిపితే ఆ బాధ ఉండదు. అంతటి నిపుణులే పొరబడినప్పుడు మనం ప్రతి వరుసనూ ప్రశ్నించడంలో నామోషీ ఏముంది?

ఇప్పుడు మీకు ఏఐ సహాయకులు ఉన్నాయి. వాడుకో, వద్దనను. కాకపోతే ముందు నీ ప్రయత్నం నువ్వు చేసి, ఆ తర్వాతే అడుగు. అది ఇచ్చిన కోడ్‌లో వివరించలేని వరుస ఒక్కటున్నా సబ్మిట్ చేయకు. స్నేహితురాలి కోడైనా అంతే. ఎందుకంటావా? యూరప్ వాళ్ళ ఏరియాన్ 5 రాకెట్ 1996 జూన్ 4న మొదటిసారి ఎగిరి, సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. అంతకు ముందటి ఏరియాన్ 4లో ఏళ్ళ తరబడి బాగా పనిచేసిన కోడ్‌నే అందులో పెట్టారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ కావడంతో, 64 బిట్ల సంఖ్య ఒకటి 16 బిట్లలో ఇమడలేకపోయింది. ఆ కోడ్ ఏ హద్దుల్లో పనిచేస్తుందో ఎవరూ మళ్ళీ అడగలేదు.

సబ్జెక్టుల సంగతికొస్తే, డిస్క్రీట్ మ్యాథ్స్‌ని మాత్రం నిర్లక్ష్యం చేయకు. లూప్ సరిగ్గా ఆగుతుందని నమ్మకంగా చెప్పాలంటే, ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు నిరూపిస్తూ పోయే ఇండక్షనే కావాలి. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు నిదానంగా చదువు. ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో చెప్పిన, సమాచారాన్ని పట్టికలుగా దాచే రిలేషనల్ నమూనా మీద ఈరోజుకీ లోకం నడుస్తోంది. ఫ్రేమ్‌వర్క్‌లంటావా, అవి ముందే కట్టిపెట్టిన కోడ్ చట్రాలు, ఉద్యోగంలో అవసరమైనప్పుడు నేర్చుకోవచ్చు.

గ్రూప్ ప్రాజెక్టు గురించి మాత్రం గట్టిగా చెబుతాను. మా ప్రాజెక్టులో నలుగురం ఆరు వారాలు ఎవరి భాగం వాళ్ళు రాసుకుని, చివరి రాత్రి కలిపాం. అన్ని టెస్టులూ పాసయ్యాయి. మర్నాడు డెమోలో సార్ 25వ తేదీ ఇవ్వగానే ప్రోగ్రాం పడిపోయింది. ఒకరు రోజు ముందు రాశారు, ఇంకొకరు నెల ముందు చదివారు. మా టెస్టుల్లో ఉన్నవన్నీ 12లోపు తేదీలే! అవి పడిపోకుండా తప్పుడు తేదీలుగా లోపలికి పోతున్నాయని మాకు తట్టలేదు. అందుకే మొదటి వారంలోనే, ఏమీ చేయని ఉత్త చట్రమైనా సరే, నలుగురి భాగాలూ కలిపి నడిపించండి. తర్వాత రోజూ కలపండి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో చిన్న చిన్న కమిట్లు (మార్పుల నమోదులు) పెట్టి, ఎందుకు మార్చారో సందేశంలో రాయండి. వెయ్యి కమిట్లలో బగ్ ఎక్కడ దూరిందో తెలియకపోయినా, ఆ చరిత్రను సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ అనే ఆదేశంతో పది సార్లు పరీక్షిస్తే దొరుకుతుంది. అది కూడా బైనరీ సెర్చే.

ఎక్కడైనా చిక్కుకుపోతే ముప్పావుగంట నువ్వే కుస్తీ పట్టు. అప్పటికీ తెగకపోతే మొహమాటపడకుండా అడుగు. అడిగేటప్పుడు ఏం వస్తుందనుకున్నావో, ఏం వచ్చిందో, ఇప్పటిదాకా ఏమేం చూశావో చెప్పు. సగం సార్లు చెబుతూ చెబుతూ ఉండగానే నీకే తడుతుంది. నిద్ర మానుకుని మాత్రం బగ్ వెతకకు తల్లీ.

ఈ ఉత్తరంతోపాటు ఒక నోట్‌బుక్ పంపుతున్నాను. ప్రతి పేజీకీ మధ్యలో గీత గీసి పెట్టాను, ఎడమవైపు "అనుకున్నది", కుడివైపు "వచ్చింది". రెండువైపులా కలవని మొదటి పేజీ ఫోటో తీసి నాకు పంపు. జవాబు రాసి పంపను, ఫోన్ చేస్తాను. ఇద్దరం కూర్చుని వెతుకుదాం.

ప్రేమతో,
మీ అత్త