స్పీడ్ బ్రేకర్ మీరే కట్టకండి

నమస్కారమండీ. బడి ముందు యువకులే చందాలు వేసుకుని స్పీడ్ బ్రేకర్ కడతామంటున్నారు, ఆపాలా వద్దా అని అడిగారు. ఆపండి. మా ఊళ్లోనూ జానెడు ఎత్తు దిమ్మ కట్టాం; వారం తిరగకుండానే రాత్రి పూట ఒక బైకు పల్టీ కొట్టింది. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు. అంటే గోడలా కాదు, తాబేలు వీపులా ఉండాలి. దానికి ముందు హెచ్చరిక బోర్డు, పైన తెల్లచారలు కూడా కావాలి.

ముందు ఆ రోడ్డు పంచాయతీరాజ్ శాఖదో, ఆర్ అండ్ బీదో తేల్చుకోండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోను చేయవచ్చు. గ్రామసభ తీర్మానం, బడి వదిలే వేళ తీసిన ఫొటోలు జతచేసి జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అర్జీ ఇవ్వండి. దానికి కలెక్టరే అధ్యక్షులు. తీర్మానం లేని అర్జీ, నా అనుభవంలో, బల్ల మీదే నిద్రపోతుంది. ఆ చందాలతో ఈలోగా, వచ్చే బండ్లు కనబడేలా, మలుపు దగ్గరి ముళ్లకంప కొట్టించండి.