హైదరాబాద్‌లో ఒక్క ఓటుకి విలువ ఉందా? ఈవీఎం మేలా, బ్యాలెట్ మేలా?

ఉంది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో యాకుత్‌పురా సీటు తేలింది కేవలం 878 ఓట్ల తేడాతో. నాలుగైదు పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉండే జనమంత! అక్కడ సగం మందికి పైగా ఓటర్లు బూత్ వైపే రాలేదు. "నా ఒక్కడి ఓటుతో ఏమవుతుంది" అనేవాళ్లకి నేను ముందు చెప్పేది ఈ లెక్కే.

ఇక పద్ధతి. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికలు బ్యాలెట్ పేపర్‌తో జరిగాయి. కాగితం మీద ముద్ర వేస్తేనే నమ్మకమని మా కాలనీ పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. వాళ్ల మాట తీసెయ్యలేను. కానీ ముద్ర సరిగ్గా రెండు గుర్తుల మధ్య పడితే ఆ ఓటు చెల్లదు. మెషీన్‌తో ఆ టెన్షన్ లేదు, అందుకే నా మొగ్గు దానికే. బటన్ నొక్కాక, పక్కనే ఉండే వీవీప్యాట్ (ఓటు చీటీ ముద్రించి చూపే యంత్రం) అద్దం వెనక మీరు ఎంచుకున్న గుర్తుతో ఒక చీటీ 7 సెకన్లు కనబడి, తెగి డబ్బాలో పడుతుంది. చాలామంది నొక్కగానే తల తిప్పేస్తారు. దయచేసి ఆ చీటీ చూసే కదలండి.

2023లో 80 ఏళ్లు దాటినవాళ్లకి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కూడా ఇచ్చారు. సిబ్బంది వచ్చి టేబుల్ మీద అట్ట అడ్డం పెడితే, మా నానమ్మ వణికే చేత్తో గుర్తు పెట్టి, కవరు తనే అంటించింది. ఆ రోజంతా ఆవిడ మొహం వెలిగిపోయింది.

అద్దె ఇల్లు మారారా? ఫారం 8 ఇచ్చి ఓటరు జాబితాలో అడ్రస్ మార్పించుకోండి.